ఫ్లోరెన్సులో ఒక నామకరణం

ఇటలీ దేశపు తస్కనీ ప్రాంతంలో, ఆర్నో నదికి ఇరువైపులా విస్తరించిన ఒక ప్రాచీన నగరానికి రెండు పేర్లున్నాయి. ఆ దేశస్థులు దానిని ‘ఫిరెంజె’ అంటారు. ఇంగ్లీషువారి మూలంగా మనకు తెలిసిన పేరు ‘ఫ్లోరెన్సు’. రోమనుల కాలంనాటి ‘ఫ్లొరెంతియా’ అనే లాటిన్ నామమే స్వదేశీయుల వాడుకలో ఒక విధంగానూ, పరదేశీయుల నోళ్ళలో మరొక విధంగానూ మారి ఈ రెండు రూపాలను పొందింది. ఫ్లోరెన్సుకని బయలుదేరిన ప్రయాణికుడు స్టేషనులో ఆ పేరు గల బోర్డు కోసం వెదికితే కనబడదు. అక్కడ వ్రాసి ఉండేది ఫిరెంజె అనే.

ఊరికి రెండు పేర్లున్నా నష్టం లేదు. ఎవరు ఏ పేరుతో పిలిచినా ఊరు ఉన్నచోటనే ఉంటుంది. మనిషి సంగతి అటువంటిది కాదు. తాతముత్తాతల ఇల్లు ఒక దేశంలోనూ, తాను పెరిగే ఇల్లు మరొక దేశంలోనూ అయిన శిశువుకు ఏ పేరు పెట్టాలన్నది పెద్దలను చాలా ఇరకాటంలో పెట్టే ప్రశ్న. ఆ ప్రశ్నకు ఒక ఇటాలియన్ కుటుంబం సమాధానం వెదుకుతుండగా దగ్గర నుండి చూసే అవకాశం నాకు ఫ్లోరెన్సులో లభించింది. యాత్రికులందరూ చూసే కట్టడాలనే నేనూ చూశాను. అయితే ఆ కుటుంబం పుణ్యమా అని వాటిలో పేర్ల చరిత్రను కూడా చదువుకోగలిగాను.

మా సంస్థ కొనుగోలు చేసిన ఒక యంత్రపు పరీక్షలకు హాజరయ్యే నిమిత్తం 2019 అక్టోబరులో మూడు వారాలు ఆ నగరంలో ఉన్నాను. పరీక్షలు వారానికి ఐదు రోజులు. శని, ఆదివారాలలో నగరం చూపించే బాధ్యతను అక్కడి కర్మాగారపు ఇంజనీరు ఒకాయన స్వయంగా తీసుకున్నారు. నాకంటె పదేండ్లు పెద్ద. పుట్టి పెరిగినది ఫ్లోరెన్సులోనే. వారి పెద్దకుమారుడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయినే వివాహమాడాడు. నేను వెళ్ళిన వారమే వారికి మగశిశువు కలిగాడు. ఇంగ్లండు చట్టం ప్రకారం జననాన్ని 42 రోజులలోగా నమోదు చేయించాలి. ఆ గడువులోగా పేరు నిశ్చయం చేద్దామని కొడుకూ కోడలూ ఫోనులో పెద్దల సలహా అడిగారు. ఇంట్లో చర్చ ప్రారంభమైంది.

తాతగారి పేరు

ఇటలీలో, ముఖ్యంగా దక్షిణ ప్రాంతాలలో, మొదటి మనుమనికి తండ్రి తరఫు తాతగారి పేరూ, రెండవవానికి తల్లి తరఫు తాతగారి పేరూ పెట్టడం తరతరాల ఆచారం. ఈ మాట వినగానే నాకు మన పల్లెలు జ్ఞాపకం వచ్చాయి. తాతగారి పేరు మనుమలందరికీ పెట్టడం, ఒకే ఇంటిలో ఒకే పేరుతో ముగ్గురుంటే పెద్దవాడు, నడిపివాడు, చిన్నవాడు అని వేరు చేసి పిలవడం మన ఇళ్ళలోనూ ఉన్నదే. ఇటలీలోనూ ఒకే పేరు గల పినతండ్రి, పెదతండ్రి బిడ్డలు గుంపులు గుంపులుగా ఉంటారట. మా మిత్రుని భార్య దక్షిణాన నేపుల్సు ప్రాంతపు ఆడపడుచు. ఆమెకు ఈ విషయంలో రెండవ ఆలోచనే లేదు. పుట్టినవాడు పెద్దకొడుకు పెద్దకొడుకు; కనుక తాతగారి పేరే పెట్టాలి.

చిక్కంతా ఆ పేరులోనే వచ్చిపడింది. ఇటాలియన్ భాషలో సాధారణంగా ఓకారాంత నామాలు పురుషులవీ, ఆకారాంత నామాలు స్త్రీలవీ. మారియో, మారియా, పావొలో, పావొలా, జూలియో, జూలియా. అయితే గ్రీకు, హీబ్రూ భాషల నుండి వచ్చిన కొన్ని పురుష నామాలు ఆకారంతో ముగుస్తాయి. అంద్రెయా, నికోలా, లూకా, మత్తీయా అటువంటివి. ఏకారాంతమైన సిమోనే, మికేలే కూడా పురుషుల పేర్లే. ఇంగ్లండులో అంద్రెయా, నికోలా, సిమోనే అన్న అక్షరాలు కాగితం మీద కనిపిస్తే అవి ఆడపిల్లల పేర్లనే అనుకుంటారు. మికేలేను అక్కడివారు ‘మిషెల్’ అని చదువుతారు. అదీ ఆడపిల్ల పేరే. మా మిత్రుని పేరు ఈ కోవలోనిదే. ఏది అన్నది ఇక్కడ వ్రాయడం మర్యాద కాదు.

వీటిలో అంద్రెయా కథ మరీ విచిత్రమైనది. గ్రీకు భాషలో ‘పురుషుడు’ అన్న అర్థంగల పదం నుండి పుట్టిన పేరది. మన ‘నర’ శబ్దానికి ఆ గ్రీకు పదం జ్ఞాతి అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. లియొనార్దో దావించికి గురువైన అంద్రెయా దెల్ వెర్రోక్యో, చిత్రకారుడు అంద్రెయా దెల్ సార్తో ఈ నగరంవారే. పురుషత్వాన్నే చాటే ఆ పేరు ఆల్ప్సు పర్వతాలు దాటగానే స్త్రీల పేరైపోయింది. చివరకు ఇటలీలోనే ఒక దంపతులు తమ కుమార్తెకు అంద్రెయా అని పేరు పెట్టుకోగా, ఆ వివాదం దేశపు అత్యున్నత న్యాయస్థానానికి చేరింది. ఆ పేరు ఆడపిల్లకు పెట్టడంలో తప్పులేదని 2012లో న్యాయస్థానం తీర్పు చెప్పింది.

గింజలతో లెక్క

మొదటి శనివారం నేను చూసినది నగరం నడిబొడ్డున, పెద్ద చర్చికి ఎదురుగా ఉన్న సాన్ జొవాన్ని జ్ఞానస్నాన మందిరం. ఎనిమిది పలకల కట్టడం. తెలుపు, ఆకుపచ్చ చలువరాళ్ళు తాపడం చేసిన గోడలు. లోపల కప్పునిండా బంగారు వన్నె మొజాయిక్ చిత్రాలు. తూర్పు ద్వారానికి గిబెర్తి పోతపోసిన కంచు తలుపులను ‘స్వర్గ ద్వారాలు’ అని పిలుస్తారు. ఇప్పుడు అక్కడ ఉన్నవి నకళ్ళు. అసలు తలుపులను పక్కనే ఉన్న మ్యూజియంలో భద్రపరిచారు.

పూర్వం ఫ్లోరెన్సు నగరంలో పుట్టిన ప్రతి శిశువుకూ ఈ ఒక్క మందిరంలోనే జ్ఞానస్నానం జరిగేది. మహాకవి దాంతేకు జరిగినది ఇక్కడనే. ఆ కవి పేరు కూడా ‘దురాంతే’ అనే పేరుకు ఇంటివారి ముద్దుపేరే. పధ్నాలుగవ శతాబ్దిలో ఈ నగర చరిత్రను వ్రాసిన జొవాన్ని విల్లాని ఒక ముచ్చట చెప్పాడు. జ్ఞానస్నానం చేయించిన మతగురువు మగపిల్లవాడైతే ఒక నల్ల చిక్కుడుగింజను, ఆడపిల్ల అయితే ఒక తెల్ల గింజను వేరుగా వేసి ఉంచేవాడట. ఏడాది చివర ఆ గింజలను లెక్కపెడితే 5,500 నుండి 6,000 వరకు తేలేవట. మగపిల్లలు మూడు నుండి ఐదు వందల వరకు ఎక్కువ. జనాభా లెక్కలనే మాట పుట్టని కాలంలో ఇంత తేలికైన గణన పద్ధతిని కనిపెట్టినందుకు ఇంజనీరుగా నేను ఆ మతగురువుకు మనసులోనే నమస్కరించాను.

గింజకు రంగు ఉన్నదే కాని పేరు లేదు. ఎందరు పుట్టారో చెబుతుంది, ఎవరు పుట్టారో చెప్పదు. ఆ లోటు 1450లో తీరింది. ఆ ఏడాది నుండి శిశువుల పేర్లు వ్రాసిన పుస్తకాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. 1469లో నమోదైన మాకియవెల్లి పేరు వాటిలో ‘నికొలో పియెరో మికేలే’ అని మూడు పేర్లుగా ఉన్నది. లోకం మొదటి పేరునే ఉంచుకున్నది. అదే పుస్తకాలకు ఎక్కిన మరొక శిశువు పేరు అమెరిగో వెస్పుచ్చి. వెస్పుచ్చి కుటుంబం నివసించిన పేట ఆర్నో ఒడ్డున ఉన్న ఒన్నిసాంతి చర్చి దగ్గర. అతని తాతగారు కూడా అమెరిగోయే. ఫ్లోరెన్సు ప్రభుత్వంలో చాలాకాలం ముఖ్యలేఖకుడుగా పనిచేసిన పెద్దమనిషి. మనుమడు ఓడలెక్కి అట్లాంటిక్ సముద్రం దాటాడు. 1507లో వాల్డ్‌సేమూల్లర్ అనే జర్మన్ భౌగోళికుడు కొత్త భూఖండానికి పటం గీస్తూ ఆ మనుమని పేరే దానికి పెట్టాడు. యూరప్, ఆసియాల పేర్లు లాటిన్‌లో స్త్రీలింగాలు కనుక దీనినీ స్త్రీలింగంగా మార్చి ‘అమెరికా’ అన్నాడు.

ఈ సంగతి విన్నప్పుడు నేను నవ్వుతూ, “తాతగారి పేరు మనుమనితో పరదేశం వెళ్ళి స్త్రీలింగమైపోవడం మీ ఊరికి కొత్త కాదన్నమాట” అన్నాను. ఆయన కూడా నవ్వారు. కాని ఆ నవ్వులో కొంచెం దిగులు లేకపోలేదు.

పేరు తప్ప మరేమీ లేనివారు

జ్ఞానస్నాన మందిరం నుండి ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే ‘ఇన్నొచెంతి’ అనాథ శిశుశరణాలయం వస్తుంది. పట్టు వర్తకుల సంఘం ఖర్చుతో 1419లో బ్రునెలెస్కి నిర్మాణం ప్రారంభించాడు. పెద్ద చర్చి మీద మహాగోపురాన్ని నిలబెట్టిన శిల్పి ఇతడే. సన్నని స్తంభాల మీద తొమ్మిది అర్ధవృత్తాకారపు తోరణాలు. స్తంభాల మధ్య దూరం, స్తంభపు ఎత్తు, వసారా వెడల్పు సమానంగా ఉంచి కట్టిన ఆ వసారాను చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. తోరణాల నడుమ నీలిరంగు గుండ్రని పలకలలో, పొత్తిగుడ్డలు చుట్టిన పసిబిడ్డల బొమ్మలున్నాయి. వాటిని 1487లో చేసినవాడు అంద్రెయా దెల్లా రొబ్బియా.

1445 ఫిబ్రవరి 5న ఈ శరణాలయానికి మొదటి శిశువు చేరింది. ఆ రోజు సెయింట్ అగాతా పండుగ. కనుక ఆ పాపకు ‘అగాతా స్మెరాల్దా’ అని పేరు పెట్టారు. ఇటలీలో ఏడాదిలోని ప్రతి దినానికీ ఒక పునీతుడో, పునీతురాలో ఉంటారు. తన పేరు గల పునీతుని దినాన్ని ‘ఒనొమాస్తికో’ అని ఇంటిల్లిపాదీ జరుపుకుంటారు. అది పుట్టినరోజు వంటి మరొక పండుగ.

అక్కడి మ్యూజియంలో చిన్నచిన్న సొరుగులు వరుసగా అమర్చారు. ఒక్కొక్క సొరుగు మీద ఒక్కొక్క శిశువు పేరు. లోపల సగానికి విరిచిన ఒక పతకమో, ఒక పూసో, ఒక గుడ్డపీలికో. బిడ్డను వదలివెళ్ళిన తల్లి ఎప్పటికైనా తిరిగివచ్చి గుర్తుపట్టాలని ఉంచిన ఆనవాళ్ళవి. విరిగిన పతకపు రెండవ సగం తల్లి దగ్గర ఉండేది. ఆ సొరుగులు తెరిచి చూస్తూ మేమిద్దరం చాలాసేపు మాట్లాడలేదు. వంశం తెలియని ఆ పిల్లలకు ఇంటిపేరుగా ‘ఇన్నొచెంతి’ అని, అంటే ‘అమాయకులు’ అని వ్రాసేవారు. నేపుల్సులో అటువంటి వారికి ‘ఎస్పొజితో’ అనేవారు. ‘బయట ఉంచబడినవాడు’ అని దాని అర్థం. నేడు ఆ ఇంటిపేర్లు గలవారు దేశమంతటా గౌరవంగా బ్రతుకుతున్నారు.

తాతగారి పేరు పెట్టాలా వద్దా అని తర్జనభర్జన పడటం కూడా ఒక భాగ్యమే అని బయటకు వచ్చాక మా మిత్రుడు అన్నారు. పెట్టడానికి తాత ఉన్నాడు, తీసుకోవడానికి మనుమడున్నాడు.

జూలియో జడ్ అయిన కథ

రెండవ ఆదివారం సాంతా క్రోచె చర్చికి వెళ్ళాము. మైకెలాంజెలో, మాకియవెల్లి, గెలీలియోల సమాధులు ఇక్కడనే ఉన్నాయి. గెలీలియో గెలీలి అనే జోడు పేరు ఎలా వచ్చిందన్నది నాకు చిన్ననాటి నుండి ఉన్న సందేహం. పదిహేనవ శతాబ్దిలో ఈ వంశంలో గెలీలియో అనే పేరుగల ప్రసిద్ధ వైద్యుడుండేవాడు. ఆయన పేరే వంశానికి ఇంటిపేరైంది. ఆ ఇంటిపేరునే ఏకవచనంగా మార్చి పెద్దకొడుక్కు పెట్టుకోవడం తస్కనీ ఆచారం. ఆ వైద్యుడు కూడా ఇదే చర్చిలో నిద్రిస్తున్నాడు.

అదే చర్చిలో ఎన్రికో ఫెర్మి స్మారక ఫలకం ఉన్నది. ఫెర్మి 1924 నుండి 1926 వరకు ఫ్లోరెన్సు విశ్వవిద్యాలయంలో బోధించాడు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన గణాంక సిద్ధాంతాన్ని ఆ రోజులలోనే రూపొందించాడు. మా మిత్రుడు నన్ను ఆ ఫలకం ముందు నిలబెట్టి భౌతికశాస్త్రాన్ని గూర్చి కాక, ఫెర్మి కుమారుని గూర్చి చెప్పారు.

ఫెర్మికి జూలియో అనే అన్న ఉండేవాడు. ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కారు. 1915లో గొంతులో లేచిన ఒక గడ్డకు చిన్నపాటి శస్త్రచికిత్స చేస్తుండగా ఆ అన్న చనిపోయాడు. 1936లో తనకు కుమారుడు కలిగితే ఫెర్మి ఆ పేరే పెట్టుకున్నాడు. పోయినవారిని పేరుతో మళ్ళీ నిలబెట్టుకోవడం ఇటలీలో పాత అలవాటు. రినైజాన్సు కాలపు ఫ్లోరెన్సు పౌరులు దీనిని ‘తిరిగి చేయడం’ అనేవారు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదు వ్యతిరేక చట్టాలు తెచ్చింది. ఫెర్మి భార్య లారా యూదు కుటుంబపు స్త్రీ. ఆ డిసెంబరులో స్టాక్‌హోములో నోబెల్ బహుమతి స్వీకరించిన ఫెర్మి, భార్యాబిడ్డలతో అటునుంచి అటే అమెరికాకు వెళ్ళిపోయాడు. 1939 జనవరి 2న న్యూయార్కులో దిగేనాటికి జూలియోకు ఇంకా మూడేండ్లు నిండలేదు. అక్కడ పెరిగిన ఆ పిల్లవాడు క్రమంగా ‘జడ్’ అయ్యాడు. జీవితమంతా ఆ పేరుతోనే మెలిగాడు.

ఇది ఒక్క ఫెర్మి ఇంటి కథ కాదు. 1876 తరువాతి నూరేండ్లలో ఇటలీని విడిచి రెండున్నర కోట్లకు పైగా ప్రజలు అర్జెంటీనా, బ్రెజిల్, అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రేలియాలకు వెళ్ళారు. కొందరు తిరిగివచ్చారు, ఎక్కువమంది ఉండిపోయారు. ఇంగ్లీషు దేశాలకు వెళ్ళిన జుసెప్పె ‘జో’ అయ్యాడు, సాల్వతోరె ‘సామ్’ అయ్యాడు, ఫ్రాంచెస్కో ‘ఫ్రాంక్’ అయ్యాడు, పాస్క్వాలె ‘పాట్’ అయ్యాడు. ఆ పేర్లను బడిపంతులో, పనిచేసేచోట మేస్త్రీయో మార్చారు. కొన్నిచోట్ల పిల్లలు తామే మార్చుకున్నారు. తోటివారు నవ్వకుండా ఉంటే చాలునన్నది వారి కోరిక.

“పేరు నాది కావచ్చు. మోయవలసినవాడు వాడు కదా” అన్నారు మా మిత్రుడు ఆ ఫలకం ముందు నిలబడి. బడిలో చేరిన మొదటిరోజున తన మనుమని పేరు ఆడపిల్లల వరుసలో పిలవడం ఆయనకు ఇష్టం లేదు. ఆ బాధ భరించలేక పిల్లవాడే పేరు మార్చుకుంటే, పెట్టకపోవడం కంటె అది ఎక్కువ దుఃఖం. ఈ మాట ఇంట్లో భార్యకు ఎలా చెప్పాలన్నదే ఆయన ఆలోచన.

భోజనాల బల్ల వద్ద

ఆ రాత్రి వారింట్లో భోజనం. బల్ల మీద పేర్ల జాబితా ఉన్నది. మేమిద్దరం ఇంజనీర్లము కనుక ఆ జాబితాను యంత్రపు విడిభాగం వలెనే పరీక్షకు పెట్టాము. పరీక్షలు మూడు. కాగితం మీద చూసిన ఇంగ్లీషువాడు తప్పు లేకుండా చదవగలడా? చదివితే మగవాడని తెలుస్తుందా? కుదించి పిలిస్తే ఏమి మిగులుతుంది?

‘గుల్యెల్మో’ మొదటి పరీక్షలోనే పోయింది. అందులోని సంయుక్తాక్షరం ఇంగ్లీషు నాలుకకు లొంగదు. ‘చేజరె’ను సీజర్ అంటారు. నగర పోషకుడైన పునీతుని పేరు ‘జొవాన్ని’ని కోడలు మెచ్చుకున్నా, ఇంగ్లండులో అది వారం తిరగకుండా ‘జో’ అవుతుందని కొడుకు అన్నాడు. ‘మత్తెయో’ కుదిస్తే ‘మాట్’. ‘లియొనార్దో’ అన్ని పరీక్షలలోనూ నెగ్గింది. కాని 2018లో ఇటలీలో మగపిల్లలకు అందరికంటె ఎక్కువగా పెట్టిన పేరు అదే. వీధిలో లియొనార్దో అని కేకవేస్తే పదిమంది పిల్లలు తిరిగిచూస్తారని నానమ్మగారి ఆక్షేపణ. మిగిలినది ‘మార్కో’. రెండక్షరాలు. కుదించడానికి చోటు లేదు. ఇంగ్లండులో రకారం సగం మింగివేస్తారు, అంతే.

నన్ను కూడా అభిప్రాయం అడిగారు. ఏడువందల ఏండ్ల క్రితం ఆ పేరుగల వెనిస్ వర్తకుడు మా తీరాన్ని గూర్చి, మోటుపల్లి రేవును గూర్చి, మా ప్రాంతాన్ని ఏలిన రాణిని గూర్చి తన గ్రంథంలో చెప్పాడని, రుద్రమదేవి చరిత్ర చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ మార్కోపోలో పేరు తెలుసునని చెప్పాను. నానమ్మగారు మొదటిసారి ఆ పేరు వంక దయగా చూశారు.

తెలుగువాడినైనందుకు ఆ పేర్లను వారు పలికినట్లే పలకగలగడం వారికి ఆశ్చర్యం కలిగించింది. మన భాషను ‘ప్రాచ్య ఇటాలియన్’ అని ప్రశంసించడం, ఆ మాటను పదిహేనవ శతాబ్దిలో విజయనగరాన్ని దర్శించిన నికొలో కోంతికి ఆపాదించడం పరిపాటి. ఎవరన్నారన్నది అటుంచితే, రెండు భాషలలోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయన్నది చెవికి తెలిసే సత్యం. ద్విత్వాక్షరాల పట్టింపు కూడా రెండింటికీ ఉన్నది. ఇటాలియన్‌లో ‘నోన్నో’ అంటే తాత. ద్విత్వం పోగొట్టి ‘నోనో’ అంటే తొమ్మిదవవాడు. అక్క, అత్త అనే మాటలలో ఒత్తు పోతే ఏమవుతుందో తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మనుమడు తనను తొమ్మిదవవాడని కాక తాత అని పిలవగలిగితే చాలునని మా మిత్రుడు హాస్యమాడారు.

ఒక కామా

మొదటి పేరు మార్కో అని నిశ్చయమైంది. తాతగారి పేరును రెండవ పేరుగా ఉంచుదామని కొడుకు అన్నాడు. ఇక్కడ ఇటలీ చట్టాన్ని గూర్చి కొంత చెప్పాలి. ఆ దేశంలో పేరు పెట్టడం పూర్తిగా తల్లిదండ్రుల ఇష్టం కాదు. 1939 నాటి చట్టం ఇటలీ పౌరుల పిల్లలకు విదేశీ నామాలు పెట్టడాన్నే నిషేధించింది. ఆ నిషేధం 1966లో తొలగిపోయింది. నేడు అమలులో ఉన్న 2000 సంవత్సరపు 396వ నంబరు ఉత్తర్వు ప్రకారం, జీవించి ఉన్న తండ్రి పేరు గాని, తోబుట్టువుల పేరు గాని పెట్టకూడదు. నవ్వులపాలు చేసే పేర్లు పనికిరావు. పేర్లు మూడుకు మించరాదు. తాతగారి పేరుకు ఏ అడ్డంకీ లేదు.

ఈ నిబంధనలకు 2012లో ఒక సవరణ వచ్చింది. రెండు, మూడు పేర్లు పెట్టినప్పుడు వాటి నడుమ కామా ఉంటే, తరువాత ఇచ్చే ధ్రువపత్రాలన్నిటిలో మొదటి పేరు మాత్రమే వ్రాస్తారు. కామా లేకపోతే అన్నిటినీ కలిపి వ్రాస్తారు. అంటే తాతగారి పేరు కాగితాలలో బ్రతికి ఉండటానికీ, మూల రిజిస్టరులో మాత్రమే నిద్రపోవడానికీ మధ్య తేడా ఆ ఒక్క గుర్తే. ఇంగ్లండులో పుట్టిన ఇటలీ పౌరుని జననపత్రం కాన్సులేటు ద్వారా స్వదేశంలోని పురపాలక సంఘానికి చేరి అక్కడి రిజిస్టరులో నకలు అవుతుంది. ఇంగ్లీషువారి పద్ధతిలో పేర్ల నడుమ కామా ఉండదు. కనుక అక్కడ వ్రాసినట్లే ఇక్కడా ఎక్కుతుంది.

ఈ వివరమంతా విన్న నానమ్మగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు కొడుకుకు ఫోనులో ఒక్క మాట చెప్పారు. నమోదు చేసే గుమస్తా వ్రాసిన కాగితాన్ని సంతకం చేసే ముందు రెండుసార్లు చూడమని, రెండు పేర్ల నడుమ ఖాళీ తప్ప ఇంకేమీ ఉండకూడదని. ఆ మాటతో ఇంట్లో చర్చ ముగిసింది. మరునాడు కర్మాగారంలో యంత్రపు పరీక్ష కూడా ఏ ఇబ్బందీ లేకుండా ముగిసింది.

ఇటలీకి వెలుపల నివసిస్తూ ఆ దేశపు పౌరసత్వ పట్టికలో నమోదైనవారి సంఖ్య నేడు 60 లక్షలు దాటింది. మన తెలుగువారి సంతానమూ నేడు అన్ని ఖండాలలోనూ పెరుగుతున్నది. ముందు ఇంటిపేరు, తరువాత అసలు పేరు వ్రాసే మన పద్ధతిని అక్కడి దరఖాస్తులు తలక్రిందులు చేయడం, నాలుగైదు అక్షరాల పేరు బడిలో ఒక్క అక్షరానికి కుదించుకుపోవడం మనలో చాలామందికి అనుభవమే. మన సహోద్యోగులలో మనుమల పేర్ల కోసం అర్ధరాత్రి ఫోనులు అందుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. వారికి ఆ ఫ్లోరెన్సు దంపతుల ఏర్పాటు ఉపయోగపడుతుందని తలుస్తాను. పిలిచే పేరు పెరిగే దేశంలోనూ నిలబడేదిగా ఉండాలి. దాని పక్కనే పెద్దల పేరుకు ఒక చోటు ఉండాలి. ఆ పేరు ఎవరిదో, వారెటువంటివారో పిల్లవానికి ఊహ తెలిసినప్పుడు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఈ మూడవది ఏ రిజిస్టరూ చేయలేని పని.

మా మిత్రుడు 2023లో వ్రాసిన ఉత్తరంలో మనుమని గూర్చి నాలుగు వాక్యాలు వ్రాశారు. ఏప్రిల్ 25 సెయింట్ మార్క్ దినం. 1945లో ఫాసిస్టుల నుండి విముక్తి పొందిన జ్ఞాపకంగా ఇటలీలో ఆ రోజు జాతీయ సెలవుదినం కూడా. ఏటా ఆ రోజున తాతగారు ఇంగ్లండుకు ఫోను చేసి ఒనొమాస్తికో శుభాకాంక్షలు చెబుతారు. పిల్లవాడు ద్విత్వాన్ని స్పష్టంగా పలుకుతూ ‘నోన్నో’ అంటున్నాడట. ఆ సంవత్సరం నవంబరు, డిసెంబరు నెలలలో వచ్చే పునీతుల దినాలలో తాతగారి దినమేదో తనే అడిగి తెలుసుకొని, అది కూడా తనదేనని, రెండు పేర్లున్నవానికి రెండు పండుగలుండాలని వాదించాడట. నానమ్మగారు ఒప్పుకున్నారు.